తాండవ మొగ నుంచి వరాహ మొగ దాకా

మా ఇంట్లో ఎవరికీ ఈత రాదు. ఈ మాట ముందే చెప్పేస్తే, తరవాత జరిగినదానికి మమ్మల్ని ఎంత తిట్టుకోవాలో చదివేవాళ్ళే తేల్చుకుంటారు.

నర్సీపట్నంలో ఉండే మాలాంటివాళ్ళకి సముద్రమంటే బుట్టలో వచ్చే చేపలు. వారానికి రెండుసార్లు పెంటకోట నుంచి ఒకావిడ తుని మీదుగా బస్సులో వచ్చి మా వీధిలో అమ్ముతుంది. మా అత్తయ్య ఆవిడ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా కొనదు. కొనడం అన్నాను గానీ, అది నిజానికి విచారణ. అత్తయ్యది రావికమతం దగ్గర చెరకు పండించే కుటుంబం. డెబ్బై దాటాయి. గడప దగ్గర పీట వేసుకుని కూర్చుని, చేప మొప్ప ఎత్తి చూసి, కన్ను నొక్కి, వాసన చూసి తీర్పు చెప్తుంది.

కిందటి మాఘమాసం మొదట్లో ఒక పొద్దున అలాగే ఒక కానాగడత చేపని చేతిలో పట్టుకుని, "ఇది నిన్నటిదే. కన్ను సూడు, లోపలికి పోయింది," అంది.

"తెల్లారగట్ల దిగిన సేపండి అమ్మగోరూ. నిన్నటిదంటే కళ్ళు పోతాయి."

"ఎవరి కళ్ళు? దీనికెలాగూ పోయాయి."

చేపలావిడ బుట్ట మీద చేతులు పెట్టి అత్తయ్య మొహంలోకి చూసింది. "ఇరవయ్యేళ్ళ నుంచి సచ్చిన సేపకి వంకలు పెడతన్నారు. బతికున్న సేపనెప్పుడైనా సూసారేటి? మా ఇంటాయనకి బోటుంది. రండి, సూపిత్తాను."

ఎవరైనా అయితే నవ్వి ఊరుకుంటారు. అత్తయ్య చేపని బుట్టలో పెట్టి, చెయ్యి కడుక్కుని, "ఎప్పుడు?" అంది.

ఆ సాయంత్రం ఈ సంగతి మావారికి చెప్తే ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. ఆయన నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరు. తాండవ కాలువల మీదే సర్వీసంతా గడిచింది. ఏ తూము దగ్గర ఎంత నీరు పోతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తారు. కానీ ఆ నీరు చివరికి ఎక్కడ, ఎలా సముద్రంలో పడుతుందో ఎప్పుడూ చూడలేదట. పెళ్ళయిన ఇరవయ్యేళ్ళకి ఈ ముక్క నాకు మొదటిసారి చెప్పారు.

"బోటంటూ ఎక్కితే కాకినాడలో ఎక్కి విశాఖపట్నంలో దిగాలి," అన్నారు.

ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి వెంటనే ఫోన్లో మ్యాప్ తీసింది. భోజనాలయ్యేదాకా ఆ మ్యాప్ మీద మా కుటుంబం తూర్పు తీరమంతా తిరిగింది. అత్తయ్య ఒక దశలో "పూరీ ఎంత దూరం?" అని కూడా అడిగింది.

తరవాతి వారం చేపలావిడ వచ్చి ఈ పథకం విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కాకినాడ నుంచి ఇసాపట్నమేటండి, అదేవన్నా ఆటో స్టాండా? మా బోటు సిన్నది. పైగా అటేపు నేవీవోళ్ళు ఆపేత్తారు. మా పెంటకోట నుంచి రేవుపోలవరం దాకా అంటే సెప్పండి, రెండు గంటల్లో దింపేత్తాడు."

పూరీ నుంచి రేవుపోలవరానికి పడిపోయాం. మాకు కొంచెం చిన్నతనంగానే అనిపించింది. కానీ మావారు మ్యాప్ మీదకి వంగి చాలాసేపు చూసి, ఒక్కసారిగా తల ఎత్తారు. పెంటకోట దగ్గర సముద్రంలో కలిసేది తాండవ. రేవుపోలవరానికి దగ్గర్లో, శారదా నదిని కలుపుకుని, సముద్రంలో పడేది వరాహ. ఒకటి మా రిజర్వాయరు ఏరు. రెండోది మా ఊరి పక్కనే బలిఘట్టం గుడి మెట్లని ఒరుసుకుంటూ పోయే ఏరు. ఏరు సముద్రంలో కలిసే చోటుని అక్కడివాళ్ళు మొగ అంటారు.

"తాండవ మొగ నుంచి వరాహ మొగ దాకా," అన్నారు ఆయన మెల్లగా, పెళ్ళి శుభలేఖ చదివినట్టు. "మన ఏటి నోట్లోంచి బయటికొచ్చి మన ఏటి నోట్లోకే వెళ్తాం."

ఇక మా ఇంట్లో మామూలు పనులు సాగలేదు.

ముందు లైఫ్ జాకెట్లు వచ్చాయి. బోటులో ఉన్నవి సరిపోవని తెలిసి మావారు విశాఖపట్నం వెళ్ళి నారింజ రంగువి నాలుగు తెచ్చారు. ఒక్కోదానికి మెడ దగ్గర ఒక ఈల కట్టి ఉంది. అలవాటు కావాలి కాబట్టి రోజూ గంటసేపు అందరూ వేసుకోవాలని ఆయన నియమం పెట్టారు. అత్తయ్య దాన్ని చీర మీద బిగించుకుని కందికాయలు వొలుచుకుంటూ, టీవీ సీరియల్ చూస్తూ, ఎవరినైనా పిలవాలంటే ఈల ఊదేది. గ్యాస్ సిలిండర్ తెచ్చినతను గుమ్మంలో ఆవిడని చూసి, ఒక అడుగు వెనక్కి వేసి, "అంతా బాగేనాండీ?" అని నన్నడిగాడు.

తరవాత బరువుల లెక్క. నేను ఏటికొప్పాక వైపు ఒక ఊళ్ళో లెక్కల టీచర్ని కాబట్టి ఆ పని నాకు వచ్చింది. ఎవరు ఏ వైపు కూర్చుంటే బోటు సమంగా ఉంటుందో నేను తేల్చాలి. అందరి బరువులూ వచ్చాయి గానీ అత్తయ్య కాటా ఎక్కనంది.

"నన్నేటి, బెల్లం దిమ్మనా తూయడానికి?"

"అందాజుగా చెప్పండి అత్తయ్యా."

"పెళ్ళినాడు నలభై."

ఆ నలభై మీద ఎంత వేసుకోవాలో నిర్ణయించుకునే ధైర్యం నాకు లేదు. ఆవిణ్ణి మధ్యలో కూర్చోబెడితే ఎటూ తేడా రాదన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. ముందు కూర్చుంటుందట. "బస్సులోనూ వెనకే, కారులోనూ వెనకే. బోట్లోనన్నా ముందు కూకోనీరా?" అంది. నేను కాగితం మీద ముందు సీటు ఆవిడకే రాసేశాను.

మావారు మర్నాడు టేపు పట్టుకుని డాబా ఎక్కి ముగ్గుపిండితో బోటు గీశారు. చేపలావిడ చెప్పిన కొలత ముప్పై అడుగులు. మా డాబా ఇరవై ఎనిమిది. అందుకని బోటు ముక్కు వాటర్ ట్యాంకు కిందకి దూరింది. ముందు సీటు కోసం పోట్లాడి గెలిచిన అత్తయ్య రిహార్సల్స్ అన్నీ ట్యాంకు కింద పీట మీద, తల వంచుకుని చేసింది. మావారు వెనక నిలబడి "అల" అనేవారు. మేమందరం ఒక పక్కకి ఒరిగేవాళ్ళం. "అల" అంటే ఇంకో పక్కకి. ఎదురింటి మేస్టారుగారు వాళ్ళ డాబా మీద బట్టలు ఆరేస్తూ మమ్మల్ని చాలాసేపు చూసి, "మాఘమాసంలో ముగ్గేటండీ బాబూ," అన్నారు.

"ముగ్గు కాదండి, బోటు," అన్నారు మావారు గంభీరంగా.

మేస్టారుగారు మిగిలిన బట్టలు బకెట్లోనే వదిలి కిందకి దిగిపోయారు.

నాకు ఆ రోజుల్లో క్లాసులో పాఠం చెప్తున్నా పెదవుల మీద నవ్వు ఆగేది కాదు. భయం కూడా వేసేది.  ఏది ఏదో తెలిసేది కాదు.

అన్నీ సిద్ధమయ్యాయి అనుకున్నప్పుడు అత్తయ్య చేపలావిణ్ణి డాబా మీదకి తీసుకొచ్చింది. "ఇదిగో మీ బోటు. ఇదిగో నా సీటు. నువ్వు నా పక్కన కూకుంటావ్. రా, కూకో, సరిపోద్దేమో సూద్దాం."

చేపలావిడ ముగ్గు గీత దాకా వచ్చి ఆగిపోయింది. గీత పక్కనే నడుచుకుంటూ బోటు చుట్టూ తిరిగింది. అడుగు మాత్రం లోపల పెట్టలేదు.

"నాను బోటెక్కకూడదండి," అంది.

"అదేటి?"

"మా ఊళ్ళో ఆడోళ్ళు ఎక్కరండి. సేప అమ్ముతాం, వల బాగుసేత్తాం, బోటుకి పసుపు రాత్తాం. ఎక్కడం మట్టుకు లేదు. గంగమ్మకి కోపవంట. నాను పుట్టి బుద్ధెరిగాక ఎక్కనేదు."

అత్తయ్య ట్యాంకు కింద నుంచి బయటికి వచ్చింది. "మరి నన్నెందుకు రమ్మన్నావ్?"

"మీరు సుట్టాల్లాంటోళ్ళు. పైనుంచొచ్చేవోళ్ళకి పట్టింపు నేదండి. ఇంటోళ్ళకే."

"అంటే మీ ఆయన బోటు నేనెక్కి సముద్రం మీద ఊరేగితే, నువ్వు ఒడ్డున నిలబడి సూత్తావా?"

చేపలావిడ ముగ్గుపిండి గీత వైపు చూస్తూ నిలబడింది. ఇరవయ్యేళ్ళలో ఆ మనిషి మాటకి మాట చెప్పకుండా ఉండటం నేను చూడలేదు.

"అయితే నేనూ ఎక్కను," అని అత్తయ్య కిందకి దిగిపోయింది.

అంతే. ఎవరు ఎంత చెప్పినా వినలేదు. లైఫ్ జాకెట్లు బీరువా మీదకి వెళ్ళాయి. మావారు డాబా మీద బోటుని తుడిచెయ్యలేక అలాగే వదిలేశారు. సాయంత్రాలు ఆయన పైకి వెళ్ళి వెనక చోట కాసేపు నిలబడి వచ్చేవారు. నాలుగు రోజులు ఇల్లు అలా ఉంది. మా అమ్మాయి ఒక్కతే, అలలు ఎంత ఎత్తున వస్తున్నాయో ఫోన్లో చూసి రోజూ భోజనాల దగ్గర చెప్పేది. "ఇవాళ చాలా తక్కువ," అనేది. అత్తయ్య మజ్జిగ పోసుకునేది.

అయిదో రోజు ఆదివారం. చేపలావిడతోపాటు ఒకాయన వచ్చాడు. సన్నగా, నల్లగా, తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని, చెప్పులు గేటు బయటే విడిచి. ఆవిడ భర్త. కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, బోటు చూపిస్తారా అని అడిగాడు. అందరం డాబా ఎక్కాం. ఆయన ముగ్గుబోటు చుట్టూ ఒకసారి నడిచి, మావారితో, "ఇంజను ఇక్కడుంటాదండి. మీరు గీసిన కాడ సేపలేత్తాం," అన్నాడు.

మావారు వెంటనే ముగ్గు డబ్బా తెచ్చి సరిచేశారు.

తరవాత ఆయన అత్తయ్య వైపు తిరిగాడు. "మాయమ్మనడిగానండి. మా ఊళ్ళో అందరికన్నా పెద్దది. మూడ్రోజులు ఆలోసించింది."

"ఏటందీ?"

"వేటకెల్తేనే అది బోటంట. వల దింపేసి, వేటకి కాకుండా మనుషుల్నెక్కించుకెల్తే అది బండేనంట. బండి ఎవలైనా ఎక్కొచ్చంట."

అందరం ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూశాం. ఎలా చూసినా అందులో తప్పు కనిపించలేదు. అత్తయ్య చేపలావిడ వైపు చూసింది. ఆవిడ చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని, నిజంగా నీళ్ళలోకి దిగుతున్నట్టు, ముగ్గు గీత దాటి లోపలికి అడుగు పెట్టింది. ట్యాంకు కిందకి వంగి వెళ్ళి పీట మీద కూర్చుంది.

"సాల్తాదండి. ఇద్దరికీ సాల్తాది," అంది అక్కణ్ణించి.

మావారు మెరైన్ పోలీసులకి చెప్పి, అందరి వివరాలూ రాసిచ్చి వచ్చారు. రెండో శనివారం తెల్లవారుతుండగా వ్యాన్లో పెంటకోట చేరాం. పులిహోర, వేయించిన జీడిపప్పు, అరటిపళ్ళు, మందుల పెట్టె, టార్చిలైటు, రెండు గొడుగులు. రెండు గంటల ప్రయాణానికి ఇంత సామానా అని బోటాయన కళ్ళతోనే అడిగాడు. నోటితో మాత్రం ఒకటే చెప్పాడు. "కడుపు కాళీగా ఉంచకండి. నిండుగానూ ఉంచకండి." ఎంత తింటే ఆ మధ్యకి వస్తుందో తెలియక మావారు ఒకటిన్నర అరటిపండు తిన్నారు.

ఏట్లో బోటు ఎక్కాం. వలలు నిజంగానే ఒడ్డున కుప్పగా పోసి ఉన్నాయి. వాటి పక్కన ముసలావిడ ఒకామె కూర్చుని ఉంది. బండి తీర్పు ఇచ్చింది ఆవిడే. కోడలు బోటులోకి కాలు పెడుతుంటే అటు చూడకుండా సముద్రం వైపు చూస్తూ కూర్చుంది.

తాండవ మొగ దగ్గర నీళ్ళు నీళ్ళతో తగువాడుకుంటున్నాయి. బోటాయన ఇంజను తగ్గించి ఆగాడు. అలలు లెక్కపెడుతున్నాడని తరవాత తెలిసింది. ఒక్కసారిగా పెంచాడు. ముక్కు పైకి లేచింది, పడింది, మళ్ళీ లేచింది. మావారు అలవాటుగా "అల" అన్నారు గానీ ఎటు ఒరగాలో ఎవరికీ గుర్తు లేదు. నా నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది. అరుపనుకున్నాను. నవ్వు. మా అమ్మాయీ నవ్వుతోంది. ఉప్పునీళ్ళు మొహాల మీద కొడుతుంటే మూడు అలలు దాటేసరికి ఇద్దరం ఒకళ్ళ జాకెట్ ఒకళ్ళం పట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుతున్నాం. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

మూడో అల దాటాక సముద్రం చదునుగా అయిపోయింది. చాప పరిచినట్టు.

ముందు కూర్చున్న ఇద్దరిలో అత్తయ్య తల ఎత్తుకుని చూస్తోంది. చేపలావిడ కళ్ళు గట్టిగా మూసుకుని అత్తయ్య చెయ్యి పట్టుకుని ఉంది.

"కళ్ళు తెరువు," అంది అత్తయ్య.

"తెరవనండి."

"నన్ను బతికున్న సేప సూపిత్తానని తెచ్చి, నువ్వు కళ్ళు మూసుకుంటే ఎలా?"

బోటాయన వెనక నుంచి భార్యని పిలిచాడు. ఇంజను చప్పుడులో గట్టిగా చెప్పాల్సి వచ్చింది. "ఇటు సూడు. అదే మనిల్లు."

ఆవిడ ఒక కన్ను తెరిచింది. తరవాత రెండోది. ఒడ్డు మీద కొబ్బరిచెట్లు, గుడి, వరసగా ఇళ్ళు, ఎవరో ఆరేసిన ఆకుపచ్చ చీర. ఆవిడ చాలాసేపు వెతికింది.

"ఆ పచ్చ సీరా?"

"ఆఁ. నువ్వారేసిందే."

"ఇంత సిన్నదేటి?" అంది. కొంచెంసేపు ఆగి, "రోజూ నువ్విలా సూత్తావా?" అంది.

ఆయన ఇంజను వైపు చూసుకుంటూ తల ఊపాడు. పాతికేళ్ళుగా వేటకి వెళ్ళేటప్పుడు ఆయన చూసే ఇంటిని ఆవిడ మొదటిసారి చూసింది. అది కనిపించకుండా పోయేదాకా మెడ తిప్పుకునే ఉంది. 

ఆ తరవాత ఆవిణ్ణి పట్టలేకపోయాం. ఏ నీటి రంగు కింద ఏ చేప ఉంటుందో భర్త కంటే ముందు చెప్పడం మొదలుపెట్టింది. అన్నీ బుట్ట దగ్గర కూర్చుని నేర్చినవే. ఆయన వేటకి కాదని నమ్మకంగా చెప్పుకుంటూనే ఒక చిన్న గాలపుతాడు నీళ్ళలోకి వదిలాడు. కాసేపటికి ఒక కానాగడత పైకి వచ్చింది. చేపలావిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని అత్తయ్య ఒళ్ళోకి తెచ్చింది.

నేనూ వంగి చూశాను. వీపు మీద ఆకుపచ్చా నీలం కలిసిన చారలు, పొట్ట మీద బంగారపు తళుకు. మేం కొనే చేపకి ఇవేవీ ఉండవు. అత్తయ్య దాని కన్ను నొక్కలేదు. మొప్ప ఎత్తలేదు. చూస్తుండగానే ఆ చారల్లో మెరుపు పలచబడుతూ వచ్చింది.

"ఇంటికొచ్చేసరికి ఈ రంగుండదా?" అంది.

"ఉండదండి. ఒడ్డుకెల్లేలోపే పోతాది. మీరు సూడాలనే తెచ్చాను."

అత్తయ్య తన కొంగు తడిపి ఆవిడ చేతుల మీది పొలుసులు తుడిచింది.

రెండో గంట చివర మావారు లేచి నిలబడ్డారు. కూర్చోమన్నా వినలేదు. వరాహ మొగ వస్తోందని ఆయనకి ఫోను చెప్పింది. కానీ ఎదురుగా ఇసక గీత తప్ప ఏమీ లేదు. ఏరు గొప్పగా నోరు తెరుచుకుని ఉంటుందని ఊహించుకున్నారు పాపం. మొహం చిన్నబోయింది. అప్పుడు మా అమ్మాయి నీళ్ళ వైపు చూపించింది. నీలం నీళ్ళ మధ్య గీత గీసినట్టు మట్టిరంగు నీరు. ఒక పక్క అది, ఒక పక్క ఇది. బోటు ఆ గీత దాటుతుంటే మావారు వంగి చెయ్యి ముంచారు.

"ఇది మనదే," అన్నారు. నాలిక మీద పెట్టుకుని, "ఉప్పగానే ఉంది," అన్నారు, తనకెవరో అన్యాయం చేసినట్టు.

మొగ దగ్గర ఇసక మేట వేసింది. బోటు లోపలికి వెళ్ళదని, మోకాలి లోతులో దిగి నడవాలని బోటాయన చెప్పాడు. మావారి ప్రణాళికలో ఇది లేదు. ఆయనా, బోటాయనా చేతులు కలిపి అత్తయ్యని మోస్తామన్నారు. ఆవిడ వద్దని తనంతట తానే దిగింది. నిలబడింది. రెండడుగులు వేసింది. వెనక నుంచి ఒక చిన్న అల వచ్చి ఆవిణ్ణి మెత్తగా కూర్చోబెట్టేసింది. అందరం గాభరాగా పరిగెత్తేలోపు లైఫ్ జాకెట్ తన పని చేసింది. అత్తయ్య నీళ్ళ మీద పీట మీద కూర్చున్నట్టు తేలుతూ, కాళ్ళు ముందుకి చాపుకుని, మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది. ఈల తీసి ఊదింది. దాంతో చేపలావిడ నవ్వుతూ తనూ నీళ్ళలో కూలబడింది. ఆవిణ్ణి లేపబోయి మా అమ్మాయి, మా అమ్మాయిని లేపబోయి నేను. మావారు ఒక్కరే పులిహోర డబ్బా తల మీద పెట్టుకుని నిలబడి, "లేవండి, లేవండి," అంటూ తనూ ఆపుకోలేక ఆపుకోలేక నవ్వేశారు.

ఒడ్డున పులిహోర తిన్నాం. ఇసక కొంచెం పడింది. వ్యాను రేవుపోలవరం వైపు నుంచి వచ్చి మా కోసం ఆగి ఉంది. చేపలావిణ్ణి మాతో రమ్మని, చుట్టు తిరుగుడైనా తుని దగ్గర దింపుతామని మావారు అన్నారు. బోటాయన సరేనన్నట్టు భార్య వైపు చూశాడు, ఆవిడ వ్యానులో వెళ్తే తను బోటు తెచ్చుకుంటానని.

ఆవిడ చీర పిండుకుంటూ, "నాను బోటు మీదే ఎల్తానండి," అంది. "ఇంకా కుడిపక్కంతా సూడనేదు."

నీళ్ళలోకి నడిచి వెళ్ళి, ఎవరి చెయ్యీ అడక్కుండా ఎక్కి ముందు కూర్చుంది. ఇంజను మోగింది. బోటు చిన్నదయ్యేదాకా అత్తయ్య ఒడ్డున నిలబడింది.

అడ్డరోడ్డు దగ్గర టీకి ఆగాం. బల్ల మీద కూర్చోగానే బల్ల ఊగింది. నేను గబుక్కున అంచు పట్టుకున్నాను. చూస్తే మా అమ్మాయీ పట్టుకుంది. మావారు లేచి నిలబడి, నేల కూడా ఊగుతోందని నిర్ధారించి మళ్ళీ కూర్చున్నారు. తడి చీరలతో, జుట్టు నిండా ఇసకతో ఒకళ్ళనొకళ్ళు చూసుకుని మళ్ళీ నవ్వు మొదలుపెట్టిన మమ్మల్ని టీ కొట్టాయన కాసేపు గమనించి, "ఎక్కణ్ణించండీ రాక?" అని అడిగాడు.

"తాండవ నుంచి," అంది అత్తయ్య.

"తాండవంటే అటు, కొండల పక్కకదండీ. మీ బండి సముద్రం వైపు నుంచి కదా వచ్చింది."

అత్తయ్య గ్లాసు ఆయన వైపు జరిపి, "అల్లం కొంచెం ఎక్కువేసి ఇంకోటియ్యి బాబూ, బేగి," అంది.